రన్‌వే పక్కన హైస్కూలు: కాలేజీకీ కాక్‌పిట్‌కూ నడుమ ఉన్న లెక్క

పైలట్ శిక్షణకు వాడే చిన్న విమానం సెస్నా 172లో నాలుగు సీట్లుంటాయి. అయినా ట్యాంకులు నిండా ఇంధనం పోసి నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే ఆ విమానం నేల వదలకూడదు. లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. 172ఎస్ మోడల్ టేకాఫ్ బరువు 2,550 పౌండ్లు దాటకూడదు. ఖాళీ విమానం 1,700 పౌండ్లు అనుకుంటే మిగిలేది 850. వాడుకోదగ్గ ఇంధనం 53 గ్యాలన్లు, గ్యాలన్‌కు ఆరు పౌండ్లు. అంటే 318 పౌండ్లు ఇంధనానికే పోతాయి. మనుషులకూ సామాన్లకూ కలిపి ఉండేది 532. ఇన్‌స్ట్రక్టరు 170 పౌండ్లు, ముగ్గురు పిల్లలు తలా 130 పౌండ్లు ఉంటే మొత్తం 560. ఇరవై ఎనిమిది పౌండ్లు ఎక్కువైంది. ఐదు గ్యాలన్లు తగ్గించుకుంటే గట్టెక్కొచ్చు గానీ, పుస్తకాల సంచులు కింద వదిలేసి వెళ్లాలి.

బరువు సరిపోయాక రెండో లెక్క మొదలవుతుంది. ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు వెనక? ఒక్కొక్కరి బరువును, విమానం మీద నిర్ణయించిన ఒక స్థానం నుంచి వాళ్ల సీటుకున్న దూరంతో గుణించి, ఖాళీ విమానానికీ ఇంధనానికీ అలాగే చేసి, అన్నీ కూడి, మొత్తం బరువుతో భాగిస్తే గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) ఎక్కడుందో తేలుతుంది. అది హద్దు దాటి వెనక్కి జరిగితే ముక్కు పైకి లేచి విమానం అదుపు తప్పుతుంది. మన పిల్లలు ఫిజిక్స్‌లో చదివే భ్రామకం ఇదే. కాకపోతే మన పుస్తకంలో ఒక చెక్క పలక, దాని చివర ఒక బరువు ఉంటాయి. చదువుతో పాటు విమానం నడపడం కూడా నేర్పే ఏవియేషన్ హైస్కూల్లో ఆ లెక్క తప్పితే ఆ రోజు ఎగరడం ఉండదు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ ర్యాపిడ్స్ నగరంలోని వెస్ట్ మిషిగన్ ఏవియేషన్ అకాడమీ అలాంటి స్కూలు. 2010లో తొమ్మిదో తరగతి పిల్లలతో మొదలైంది. ఉన్నది జెరాల్డ్ ఆర్. ఫోర్డ్ అంతర్జాతీయ విమానాశ్రయం ఆవరణలోనే. ఈ ఊళ్లో పెరిగి అమెరికా అధ్యక్షుడైన ఫోర్డ్ పేరే ఎయిర్‌పోర్టుకు పెట్టారు. పదివేల అడుగుల ప్రధాన రన్‌వే ఒక కొస మీద 26 అని రాసి ఉంటుంది. ఆ కొస నుంచి పరుగు మొదలుపెడితే విమానం ముక్కు దిక్సూచిలో దాదాపు 260 డిగ్రీల వైపు ఉంటుందని దాని అర్థం. స్కూలుకు సొంత సెస్నాలున్నాయి. ఏవియేషన్‌తో పాటు ఇంజినీరింగ్, రోబోటిక్స్ నేర్పుతారు. ఫీజు లేదు. ఎందుకంటే అది చార్టర్ స్కూలు.

చార్టర్ స్కూలు అనగానే ప్రైవేటు కార్పొరేట్ స్కూలు అనుకునే ప్రమాదం మన దగ్గర ఎక్కువ. అది ప్రభుత్వ డబ్బుతో నడిచే బడే. అయితే స్థానిక స్కూల్ డిస్ట్రిక్టు కింద ఉండదు. ఒక విశ్వవిద్యాలయమో, కమ్యూనిటీ కాలేజీయో, చట్టం అనుమతించిన మరో సంస్థో దానికి చార్టర్ ఇస్తుంది. ఇంత కాలంలో ఇంత ఫలితం చూపించాలని అందులో రాసి ఉంటుంది, చూపించకపోతే చార్టర్ రద్దు చేయొచ్చు. ఫీజు వసూలు చేయకూడదు, ప్రవేశ పరీక్ష పెట్టి మార్కులను బట్టి ఏరుకోకూడదు. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీయాలి. మొట్టమొదటి చార్టర్ చట్టం 1991లో మిన్నెసోటాలో వచ్చింది, మిషిగన్‌లో 1993లో. ఈ పద్ధతి వల్ల చదువులు బాగుపడ్డాయా అన్నది ముప్పై ఏళ్లుగా నలుగుతున్న వివాదం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రెడో సంస్థ 2023లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, సగటున చార్టర్ విద్యార్థులు ఏడాదికి చదవడంలో 16 రోజుల, లెక్కల్లో 6 రోజుల పాఠాలకు సమానమైన ముందంజలో ఉన్నారు. సగటు మాటున చాలా దాగుతుంది, బాగా నడిచేవీ అధ్వానంగా నడిచేవీ రెండూ అందులోనే ఉన్నాయి. కాబట్టి చార్టర్ మంచిదా కాదా అని గుండుగుత్తగా అడిగే కన్నా, ఈ రకం స్కూలును నడపడానికి ఆ చట్రం ఎంతవరకు పనికొస్తుందని అడగడం ఉపయోగం.

దానికి డబ్బు లెక్క చూడాలి. మిషిగన్ ప్రభుత్వం ఒక్కో విద్యార్థికి ఏడాదికి ఇచ్చే మూల గ్రాంటు 2023–24లో 9,608 డాలర్లు. టీచర్ల జీతాలు, కరెంటు, భవనం అన్నీ అందులోనే నడవాలి. పైగా భవనాల కోసం స్థానిక ఆస్తి పన్ను వేయించుకునే వీలు మామూలు స్కూల్ డిస్ట్రిక్టులకు ఉంటుంది, మిషిగన్ చార్టర్లకు ఉండదు. చార్టర్ ఇచ్చిన సంస్థ పర్యవేక్షణ రుసుము కింద మూడు శాతం దాకా పట్టుకోవచ్చు. ఇటుపక్క చిన్న విమానం, ఇన్‌స్ట్రక్టరు కలిపి గంటకు ఇప్పుడు సుమారు 200 నుంచి 250 డాలర్లు అవుతోంది. ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు చట్టం అడిగేది కనీసం 40 గంటలు, నిజానికి చాలామందికి 60 దాటుతుంది. అంటే ఒక పిల్లవాడి చదువు మొత్తానికి ప్రభుత్వం ఏడాదంతా ఇచ్చే డబ్బు, వాడి లైసెన్సుకు ఒక్కదానికే చాలదు.

మరి ఆ విమానాలు ఎలా వచ్చాయి? ఆ స్కూలు స్థాపకుడు డిక్ డెవోస్. మన ఊళ్లలో కూడా పేరు విన్న ఆమ్‌వే కంపెనీ స్థాపకుల్లో ఒకరి కొడుకు, ఆ కంపెనీకి అధ్యక్షుడిగా చేశారు, స్వయంగా పైలట్. 2006లో మిషిగన్ గవర్నరు పదవికి పోటీ చేసి ఓడిపోయారు. భార్య బెట్సీ డెవోస్ 2017 నుంచి 2021 వరకు అమెరికా విద్యాశాఖ మంత్రి, చార్టర్లకూ, ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వ డబ్బిచ్చే వోచర్లకూ పేరుమోసిన సమర్థకురాలు. ఆ కుటుంబ రాజకీయాలతో ఏకీభవించని వాళ్లు మిషిగన్‌లో బోలెడంత మంది ఉన్నారు. ఆ వాదన ఎలా ఉన్నా ఒక సంగతి ఒప్పుకోవాలి: చార్టర్ చట్టం ఒక్కటే ఈ స్కూలును పుట్టించలేదు. పైలట్ అయిన ఒక సంపన్నుడి పట్టుదల, ఎయిర్‌పోర్టు ఇచ్చిన చోటు, ఊళ్లోని దాతలు, వీటన్నిటికీ చట్టం వీలు కల్పించింది. ఈ నమూనాను మక్కీకి మక్కీ ఇంకో ఊళ్లో దించుదామంటే ముందు అడగాల్సింది సిలబస్ గురించి కాదు, ఇంధనం బిల్లు ఎవరు కడతారని. సిలబస్ ఇప్పుడు పెద్ద సమస్య కూడా కాదు. విమాన యజమానులు, పైలట్ల సంఘమైన ఏఓపీఏ హైస్కూళ్ల కోసం నాలుగేళ్ల ఏవియేషన్ పాఠ్యప్రణాళికను ఉచితంగానే ఇస్తోంది.

ఆ డబ్బుకు దక్కేదేమిటో దగ్గర నుంచి చూస్తే గానీ విలువ తెలియదు. ఎగరడానికి ముందు విమానం చుట్టూ తిరిగి తనిఖీ చేయడం విద్యార్థి పనే. రెక్క కింద చిన్న వాల్వు ఉంటుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పు దానికి ఆనించి పైకి నొక్కితే కొద్దిగా ఇంధనం దిగుతుంది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తారు. ఈ విమానాల్లో వాడే ఇంధనం లేత నీలం రంగులో ఉండేలా తయారుచేస్తారు. ట్యాంకులోకి నీరు చేరి ఉంటే అది బరువు కాబట్టి కప్పు అడుగున బుడగలా కూర్చుంటుంది, నడుమ సన్నని గీత కనిపిస్తుంది. ఇక్కడే ఒక మోసం ఉంది. కప్పులోకి వచ్చింది మొత్తం నీరే అయితే గీత ఉండదు, చూసేవాడు అంతా బాగానే ఉందనుకుంటాడు. అందుకే గీత ఒక్కటే వెతికితే చాలదు, నీలం రంగు ఉందా అని కూడా చూడాలి. పదహారేళ్ల పిల్లవాడు చలికి వణుకుతూ కప్పు పైకెత్తి, రంగు చూసి, చెక్‌లిస్టులో తరువాతి గీటు పెట్టడం నేర్చుకుంటే, కెమిస్ట్రీలో సాంద్రత పాఠం వాడికి మళ్లీ చెప్పక్కర్లేదు.

ఎదురుగాలి పక్కగాలి సంగతీ అంతే. గాలి రన్‌వేకు 30 డిగ్రీల వాలులో 20 నాట్ల (విమానాల్లో వేగం కొలిచే ప్రమాణం) వేగంతో వీస్తోందంటే, పక్క నుంచి తోసేది ఎంత? సైన్ 30 అంటే అర, కాబట్టి 10 నాట్లు. త్రికోణమితి ఎందుకు చదవాలి సార్ అన్న ప్రశ్నకు చాలామంది టీచర్ల దగ్గర జవాబు ఉండదు. ఇక్కడ జవాబు రన్‌వే పక్కన గాలి దిశ చూపే గాలిసంచిలోనే కనిపిస్తుంది. మిషిగన్ సరస్సు కొద్ది దూరంలోనే ఉంది. చలికాలంలో చల్లటి గాలి వెచ్చని నీటి మీదుగా వచ్చేటప్పుడు తేమ పట్టుకుని మబ్బులు, మంచు తెచ్చి పోస్తుంది. ఎగరాల్సిన పాఠాలు వరసగా రద్దవుతాయి. వాతావరణ నివేదిక చదివి, ఇవాళ వద్దు అని తానే చెప్పగలగడం విద్యార్థి నేర్చుకోవాల్సిన వాటిలో కీలకమైనది. తప్పు జవాబుకు మార్కు పోతుందనే భయంలో పెరిగిన పిల్లలకు, వెళ్లకపోవడమే సరైన జవాబు అయ్యే చదువు ఎంత కొత్తగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే అసలు కష్టం పన్నెండో తరగతి దాటాకే మొదలవుతుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల ప్రకారం 16 ఏళ్లకు ఒంటరిగా విమానం నడపొచ్చు, 17కు ప్రైవేట్ లైసెన్సు వస్తుంది. కాబట్టి స్కూల్లో ఉండగానే లైసెన్సు చేతికొచ్చే పిల్లలుంటారు, ఊళ్లో పేపర్లో ఫొటో పడుతుంది. కానీ ఆ లైసెన్సుతో జీతం తీసుకుని ఎగరడానికి వీల్లేదు. కమర్షియల్ లైసెన్సుకు 18 ఏళ్లు, మామూలు మార్గంలో 250 గంటలు. ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లో కుడి సీటులో ఫస్ట్ ఆఫీసరుగా, అంటే కో-పైలట్‌గా కూర్చోవాలంటే సాధారణంగా 23 ఏళ్లు, 1,500 గంటలు ఉండాలి.

ఈ 1,500 గంటల నిబంధన వెనక ఒక విషాదం ఉంది. 2009 ఫిబ్రవరి 12 రాత్రి న్యూయార్క్ రాష్ట్రం బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలి 50 మంది చనిపోయారు. వేగం పడిపోయి విమానం హెచ్చరిస్తున్నప్పుడు కెప్టెన్ దాని ముక్కు దించాల్సింది పోయి కంట్రోల్‌ను వెనక్కి లాగారు. మృతుల కుటుంబాలు వాషింగ్టన్ చుట్టూ తిరిగి తిరిగి 2010లో చట్టం తెచ్చుకున్నాయి, నిబంధన 2013లో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు 250 గంటలతోనే ఫస్ట్ ఆఫీసర్ కావచ్చు. నిజానికి ఆ రాత్రి ఆ ఇద్దరు పైలట్లకూ 1,500 కన్నా ఎక్కువ గంటలే ఉన్నాయి. అందువల్ల గంటల సంఖ్య సరైన కొలమానమా అన్న చర్చ ఇప్పటికీ ఆగలేదు. ఆ కుటుంబాలు మాత్రం నిబంధన సడలించాలని మాట వచ్చిన ప్రతిసారీ లేచి నిలబడుతున్నాయి, వాళ్ల మాటకు బరువుంది.

ఈ నిబంధనలో ఒక మెలిక ఉంది, ఇలాంటి స్కూలు పిల్లల్ని కాక్‌పిట్ కన్నా ముందు కాలేజీకి ఎందుకు సిద్ధం చేయాలో అదే చెబుతుంది. ఎఫ్‌ఏఏ ఆమోదించిన కాలేజీలో ఏవియేషన్ డిగ్రీ, అక్కడే నిర్ణీత శిక్షణ పూర్తిచేసిన వారికి 1,500 బదులు 1,000 గంటలు చాలు, రెండేళ్ల డిగ్రీకి 1,250. వయసు కూడా 23 బదులు 21. ఐదు వందల గంటలంటే చాలామందికి ఏడాదికి దగ్గర పడే పని. ఇంకోపక్క డెల్టా వంటి పెద్ద ఎయిర్‌లైన్ 2022లో పైలట్లకు నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరి అన్న షరతు ఎత్తేసింది. దాంతో డిగ్రీ దండగ అనే వాళ్లు బయల్దేరారు. ఆ మాట నమ్మి పిల్లల్ని కాలేజీ మాన్పించడం తొందరపాటు.

ఎందుకో చెప్పడానికి క్యాలెండరు చాలు. 2010లో తొమ్మిదిలో చేరిన తొలి బ్యాచ్ 2014లో బయటికొచ్చింది. అప్పుడు 18 ఏళ్లున్న విద్యార్థికి 2019లో 23 నిండుతాయి. గంటలన్నీ కూడబెట్టుకుని ఎయిర్‌లైన్ తలుపు దగ్గరికి వచ్చేసరికి 2020, కొవిడ్. నియామకాలు ఆగిపోయాయి, ఉన్నవాళ్లకే ముందస్తు రిటైర్మెంట్లు ఇచ్చి పంపారు. రెండేళ్లు తిరగకుండా 2022లో పైలట్లు దొరకక కొన్ని ప్రాంతీయ ఎయిర్‌లైన్స్ కొత్తవారికి గంటకు 90 డాలర్ల దాకా ఇస్తామన్నాయి. 2024కల్లా మళ్లీ నియామకాలు మందగించాయి. రాబోయే ఇరవై ఏళ్లలో ప్రపంచానికి 6,74,000 మంది కొత్త పైలట్లు కావాలని బోయింగ్ 2024లో అంచనా వేసింది. అంచనా తప్పని కాదు. విమానాలు అమ్మే కంపెనీ ఇరవై ఏళ్ల సగటు చెబుతోంది, ఉద్యోగం వెతుక్కునే కుర్రాడు ఒక ఏడాదిలో బతుకుతాడు. ఆ ఏడాది బాగోకపోతే చేతిలో ఇంజినీరింగ్ డిగ్రీయో, మేనేజ్‌మెంట్ డిగ్రీయో ఉండటం వేరు, లేకపోవడం వేరు.

మెడికల్ సంగతి దీనికన్నా కఠినం. రంగులు గుర్తించడంలో లోపం, మూర్ఛ చరిత్ర, చిన్నప్పుడు ఏడీహెచ్‌డీకి వాడిన మందులు, ఇలాంటివి ఎఫ్‌ఏఏ మెడికల్ సర్టిఫికెట్‌ను ఆపేయొచ్చు, లేదా నెలల తరబడి నాన్చొచ్చు. నాలుగేళ్లు విమానాల మధ్య పెరిగిన పిల్లవాడికి ఆ కాగితం రాకపోతే స్కూలు ఏం చేస్తుందన్నది అసలు పరీక్ష. పైలట్ కాకపోతే ఏమీ కాదన్న వాతావరణం ఉన్న చోట ఆ పిల్లవాడు కుంగిపోతాడు. విమానాల డిజైన్, ఎయిర్‌పోర్టు నిర్వహణ, ఫ్లయిట్ డిస్పాచ్, వాతావరణ శాస్త్రం, మరమ్మతు, ఇవన్నీ సమానమైన పనులేనని మొదటి ఏడాది నుంచే చూపించే చోట దారి మార్చుకుంటాడు.

మరమ్మతు మాటకొస్తే న్యూయార్క్ క్వీన్స్‌లోని ఏవియేషన్ హైస్కూలు గుర్తుకు రావాలి. అది చార్టర్ కాదు, మామూలు ప్రభుత్వ బడి, సుమారు రెండు వేల మంది పిల్లలు. ఇంజిన్లు విప్పి బిగించడం, రేకులకు రివెట్లు కొట్టడం క్లాసులోనే. ఎఫ్‌ఏఏ గుర్తింపు ఉన్న శిక్షణ కాబట్టి అక్కడి విద్యార్థులు మెకానిక్ లైసెన్సు పరీక్షలకు సిద్ధమై బయటికొస్తారు. ఆ లైసెన్సుకు 18 ఏళ్లు చాలు. పైలట్ కాబోయేవాడు ఇంకా అప్పు చేసి గంటలు పోగుచేసుకునే వయసులో ఈ పిల్లలు జీతం తీసుకుంటారు. డబ్బులేని ఇంటి పిల్లలకు ఏది నమ్మకమైన దారి అని అడిగితే, చాలాసార్లు జవాబు రెక్క పైన కాదు, రెక్క కింద ఉంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇందులో విడిగా పట్టించుకోవాల్సినవి ఉన్నాయి. తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడే హెచ్‌-4 వీసాతో ఉన్న పిల్లలు కూడా చార్టర్ స్కూల్లో ఉచితంగానే చదవొచ్చు. కానీ పౌరసత్వం లేని విద్యార్థి పైలట్ శిక్షణ మొదలుపెట్టే ముందు రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ దగ్గర అనుమతి తీసుకోవాలి. అక్కడే పుట్టిన తమ్ముడు పాస్‌పోర్టు చూపించి ఎక్కుతాడు, ఇక్కడ పుట్టి వెళ్లిన అక్క వేలిముద్రలిచ్చి ఎదురుచూస్తుంది. ఎఫ్‌ఏఏలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగానికైతే అమెరికా పౌరసత్వం తప్పనిసరి, 31 నిండకముందే దరఖాస్తు చేయాలి. 21 ఏళ్లకు హెచ్‌-4 ముగిసిపోయే పిల్లల విషయంలో ఈ తేదీలన్నీ తొమ్మిదో తరగతిలోనే ఒక కాగితం మీద రాసుకోవడం మంచిది. ఇంకో సంగతి. అమెరికా ఎయిర్‌లైన్ పైలట్లలో మహిళలు సుమారు 5 శాతం, భారత్‌లో దాదాపు 15 శాతం. మన అమ్మాయిలకు ఇది కుదరదేమో అనే తల్లిదండ్రులు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మన దగ్గర దారి వేరు. కమర్షియల్ లైసెన్సుకు మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగేది 200 గంటలు. ఎంపీసీ చదివిన పిల్లవాడికి ఫిజిక్స్, లెక్కల్లో లోటుండదు, మన ఇంటర్ కాలేజీల్లో ఆ లెక్కలు నూరిపోసినంతగా అమెరికాలో ఎవరూ నూరిపోయరు. కానీ బేగంపేటలో దశాబ్దాలుగా ఫ్లయింగ్ శిక్షణ ఉన్నా, శంషాబాద్‌లో విమానాల మరమ్మతు కేంద్రం, ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేసే టాటా బోయింగ్ ఫ్యాక్టరీ ఉన్నా, అక్కడికి గంట దూరంలో హాస్టల్లో చదివే ఇంటర్ పిల్లలకు వాటి లోపల ఏం జరుగుతుందో చూసే రోజు రాదు. స్టడీ అవర్లు, వీకెండ్ టెస్టులు, ర్యాంకు టెన్షన్ దాటి బయటికొచ్చే తీరిక ఉండదు.

దూరం అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది. గ్రాండ్ ర్యాపిడ్స్ స్కూలుకు లాటరీలో పేరు వచ్చిన పిల్లవాడు కూడా రోజూ ఊరి చివరి ఎయిర్‌పోర్టుకు చేరాలి. పిల్లలకు బస్సు నడపాలన్న నియమం మిషిగన్ చార్టర్లకు లేదు. తండ్రి రాత్రి షిఫ్టు చేసి, ఇంట్లో రెండో కారు లేకపోతే లాటరీ గెలిచినా ఆ సీటు చేతికి అందదు. అదే రాష్ట్రంలో డెట్రాయిట్ ప్రభుత్వ బడి డేవిస్ ఏరోస్పేస్ టెక్నికల్ హైస్కూలు నగర విమానాశ్రయాన్ని ఆనుకుని ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన నల్లజాతి అమెరికన్ పైలట్లు టస్కీగీ ఎయిర్‌మెన్‌కు నాయకత్వం వహించిన బెంజమిన్ డేవిస్ పేరు పెట్టుకున్న ఆ బడిలో నల్లజాతి పిల్లలు ఇంజిన్లు విప్పారు, విమానాలు నడిపారు. డెట్రాయిట్ స్కూళ్లు దివాలా అంచున రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి చేతిలో ఉన్నప్పుడు, 2013లో, దాన్ని ఎయిర్‌పోర్టు నుంచి తరలించి మరో వృత్తివిద్యా కేంద్రంలో కలిపారు. పేరులో ఏరోస్పేస్ అలాగే ఉంది, టీచర్లు కొందరు మిగిలారు, కిటికీలోంచి మాత్రం రన్‌వే కనిపించడం మానేసింది. పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు దాన్ని మళ్లీ ఎయిర్‌పోర్టుకు తేవాలని ఏళ్ల తరబడి పట్టుబట్టారు. ఆ ప్రయత్నం ఒక దారికి రావడానికి దాదాపు దశాబ్దం పట్టింది. ఆ లోపు తొమ్మిదిలో చేరి పన్నెండు ముగించి వెళ్లిపోయిన బ్యాచ్‌లు చాలానే ఉన్నాయి.